చింతపండుతో తోమిన తూటాలు

మురికి ఇత్తడి కంటబడితే నా చేతులు ఊరుకోవు. అది మా అమ్మ అంటించిన జబ్బు. రాయచోటి పక్కన మా పల్లెలో, తోమిన బిందెలో నా మొహం నాకు కనిపిస్తేగానీ ఆమె నన్ను లేవనిచ్చేది కాదు. చింతపండు, ఉప్పు, కొబ్బరి పీచు ఉంటే ఎంత నల్లబడిన ఇత్తడైనా దారికొస్తుందని ఆమె నమ్మకం. నాదీ అదే. సౌదీకి ఇంటిపనికి వచ్చేటప్పుడు నా పెట్టెలో బట్టలకన్నా చింతపండే బరువుందని మా ఆయన ఎగతాళి చేశాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఆ చింతపండు ఇక్కడ ఒక పెద్దమనిషి గుండె ఆగేంత పని చేస్తుందని మా ఇద్దరికీ తెలియదు కదా.

హుఫూఫ్ ఊరి చివర ఖర్జూరం తోటలో ఉంది మా ఇల్లు. మాదంటే మాది కాదు, నేను పనిచేసేది. కానీ ఇన్నేళ్లు ఊడ్చి తుడిచిన ఇంటిని మా ఇల్లు అనకుండా ఎలా ఉంటాను? యజమానిని బాబా అనీ ఆయన భార్యను మామా అనీ పిలవడం ఇక్కడి పనివాళ్ల అలవాటు. బాబాకు డెబ్బై దాటాయి. కోపం ముక్కు మీదే ఉంటుంది, దిగడానికీ ఎంతోసేపు పట్టదు. నాకూ అంతే కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది. ఆయన అరిస్తే నేను గిన్నెలు మోగిస్తాను. ఇద్దరికీ సద్దుమణిగాక ఆయనే వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి కాఫీ అడుగుతాడు. మామా ఇదంతా సోఫాలో కూర్చుని, ఫోనులో వంటల వీడియోలు చూస్తూ వింటుంది. మా ముగ్గురి మాటలూ నాకొచ్చిన వంటింటి అరబ్బీలోనే సాగుతాయి. వాటిని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి ఇంకొకడున్నాడు, డ్రైవరు. జగిత్యాల వైపు వాడు. కారు ఎక్కకముందు ఏళ్ల తరబడి కట్టడం పనుల్లో సిమెంటు బస్తాలు మోసిన మనిషి, భుజాలు తలుపంత వెడల్పు. నన్ను అక్కా అంటాడు. నా పులుసు తిని, మా వైపు కారం మనుషులు తినేది కాదని ప్రతిసారీ తిట్టి, మళ్లీ ఇంకో గరిటె వేయించుకుంటాడు.

బాబాకు ఒక వేట తుపాకీ ఉంది. లైసెన్సు ఉన్నదే, బీరువాలో తాళం వేసి ఉంటుంది. ఏటా చలికాలంలో ఆయనా, ఆయనతోపాటు పెరిగిన ముసలి స్నేహితులూ ఎడారిలో గుడారాలు వేసుకుని కొన్నాళ్లు ఉండి వస్తారు. దాన్ని కష్తా అంటారు. అక్కడ రాళ్ల మీద డబ్బాలు పెట్టి గురి చూసుకోవడం వాళ్ల సరదా. మిగతా ఏడాదంతా బాబా ఆ కొన్నాళ్ల కోసమే బతుకుతాడని మామా అంటుంది. "అది తుపాకీ కాదు, నా సవతి" అని నాకు మొదటివారంలోనే చెప్పింది.

పేలిన తూటాల ఖాళీ గొట్టాలను ఆయన పారేయడు. అన్నీ ఏరి గుడ్డసంచిలో ఇంటికి తెచ్చుకుంటాడు. పెరటి వరండా పక్కన చిన్నగదిలో బల్లకు బిగించిన ఒక ఇనప యంత్రం ఉంది. పొడుగాటి పిడి ఉంటుంది, మన దగ్గర బత్తాయి రసం పిండే మిషనులాగా. పేలినప్పుడు ఇత్తడి గొట్టం వేడికి కాస్త ఉబ్బుతుంది. ఉబ్బింది మళ్లీ పనికి రావాలంటే, దాన్ని ఉక్కుతో చేసిన ఒక అచ్చులోకి పిడి లాగి దూర్చాలి. అచ్చు నాలుగువైపులా నొక్కి దాన్ని పాత కొలతకు తెస్తుంది. దాన్ని ఇక్కడివాళ్లూ డై అనే అంటారు. ఆ తర్వాత మందు నింపే పని ఇంకో గదిలో, ఆయనొక్కడే, తలుపు వేసుకుని చేసుకుంటాడు. ఆ గడప నేను దాటలేదు, దాటాలనీ లేదు. నాకు తెలిసిందల్లా ఈ గొట్టాల సంగతే.

పోయిన వేసవిలో బాబాకు చిన్న స్ట్రోకు వచ్చింది. మాటా నడకా దక్కాయి, కుడిచెయ్యి మాత్రం చచ్చుబడింది. నెమ్మదిగా బలం కొంత వచ్చింది కానీ వేళ్లకు స్పర్శ రాలేదు. వేడి గ్లాసు పట్టుకుని, కాలుతున్నా తెలియక అలాగే ఉండేవాడు. ఆస్పత్రివాళ్లు పిసకమని ఒక రబ్బరు బంతి ఇచ్చారు. ఆయన దాన్ని పిల్లి మీద విసిరాడు. గరుకు గుడ్డా, మెత్తటి గుడ్డా ఇచ్చి ఏది ఏదో తడిమి చెప్పమన్నారు. "నేనేమన్నా దర్జీనా?" అని అవీ విసిరాడు.

రియాద్‌లో ఉండే పెద్దకొడుకు వచ్చి తండ్రి నుదుటి మీద ముద్దుపెట్టి, చాలాసేపు మంచిమాటలే మాట్లాడి, చివర్లో అసలు సంగతి చెప్పాడు. వేలికి ఏం తగులుతుందో తెలియని మనిషి చేతిలో తుపాకీ ఉండకూడదు. చలికాలం లోపు చెయ్యి బాగుపడితే సరే, లేకపోతే తుపాకీనీ ఆ మిషనునూ తను పట్టుకుపోతాడు. న్యాయంగా చూస్తే తప్పుపట్టే మాట కాదు. అయినా ఆరోజు నాకు ఆ కొడుకు మీద ఒళ్లు మండింది. బాబా అరవలేదు. ఆయన అరవకపోవడం చూసి నాకు భయమేసింది.

మర్నాటి నుంచి రోజూ పొద్దున కాఫీ తాగి ఆ చిన్నగదిలో కూర్చోవడం మొదలుపెట్టాడు. రబ్బరు బంతి చేయించలేని పని ఆ పిడి చేయించింది. కుడిచేత్తో పిడి లాగడం, గొట్టం అచ్చులోకి పోవడం, మళ్లీ ఎత్తడం. మొదట్లో ఒకటి రెండు లాగేసరికే చెమటలు పట్టేవి. ఖర్జూరం కోతల నాటికి వరసగా గుప్పెడు గొట్టాలు లాగుతున్నాడు. లాగినవాటిని తెచ్చి మామా ఒళ్లో పోసేవాడు, గెలిచి తెచ్చిన బహుమతుల్లాగా. ఆమె ఫోను పక్కనపెట్టి "మాషా అల్లా" అనేది. నేను వంటింట్లోంచి చూసి నవ్వుకునేదాన్ని. ముసలాళ్ల ప్రేమ చూడ్డానికి ఎంత బాగుంటుందో చెప్పలేను.

ఇక నా జబ్బు సంగతి. ఒకరోజు ఆ గది తుడవడానికి వెళ్తే బల్లమీద పళ్లెంలో గొట్టాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నల్లటి మసి, మీద ఏదో జిడ్డు పూసినట్టు మెరుపు, దానికంటుకున్న ఇసక దుమ్ము. ఆ జిడ్డు ఏమిటో నేనెప్పుడూ అడగలేదు. బూటు పాలిష్ డబ్బాలాంటి చిన్నడబ్బాలో ఉండేది, గొర్రె ఉన్ని నుంచి తీస్తారట. అచ్చులోకి దూర్చే ముందు ప్రతి గొట్టానికీ పలచగా పూయాలట, పూయకపోతే ఇత్తడి ఉక్కును పట్టుకుని వదలదట. ఇవన్నీ తర్వాత తెలిసిన "అట"లు. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. జిడ్డు అంటే మురికి. మురికి అంటే చింతపండు.

వాటిని బేసిన్‌లో వేసి చింతపండు పులుసూ ఉప్పూ పోశాను. ఎక్కువసేపు నానిస్తే ఇత్తడి ఎర్రబడుతుందని తెలుసు కాబట్టి పక్కనే కూర్చున్నాను. పీచుతో ఒక్కొక్కటే తోమి, కడిగి, డాబా మీద ఎండలో ఆరబెట్టాను. హుఫూఫ్ ఎండకు చుక్క నీరు నిలుస్తుందా? డ్రైవరు చూసి కళ్లు పెద్దవి చేశాడు.

"ఏందక్కా, గిట్ల మెరుస్తున్నయ్! బంగారం లెక్క చేసినవ్."

"మరేమనుకున్నావబ్బీ? ఇత్తడంటే అట్లుండల్ల. బాబా చూస్తే మురిసిపోతాడు."

అవన్నీ తిరిగి అదే పళ్లెంలో, అదే వరసలో పెట్టేశాను.

మర్నాడు పొద్దున నేను పిండి కలుపుతున్నాను. చిన్నగదిలోంచి బాబా మూలుగు వినిపించింది, తర్వాత పిడి కొట్టుకున్న చప్పుడు. పరుగెత్తాను. గొట్టం సగం అచ్చులోకి పోయి ఆగిపోయింది. బాబా కుడిచేత్తో లాగుతున్నాడు. మెడనరాలు తేలాయి. పిడి కదలడం లేదు. మళ్లీ లాగాడు. ఇంకోసారి. అప్పుడు పిడి వదిలేసి కుర్చీలో వెనక్కి వాలి కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు, అది ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువైనట్టు.

"ఖలాస్," అన్నాడు. అయిపోయింది అని. "నిన్న ఉన్న బలం ఇవాళ లేదు. అబ్బాయికి ఫోను చెయ్యమను. వచ్చి అన్నీ తీసుకుపోతాడు."

మామా గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మొహం చూడలేకపోయాను. ఏం చేయాలో తోచక నేనే పిడి పట్టుకున్నాను. నేను బక్కదాన్నేం కాదు. చిన్నప్పటి నుంచి చేద బావిలో నీళ్లు తోడినదాన్ని. రెండు చేతులతో, ఒళ్లంతా వేలాడేసి లాగాను. ఇసుమంతైనా కదల్లేదు. డ్రైవరును కేకేశాను. వాడొచ్చి కాలు బల్లకు తన్నిపెట్టి లాగాడు. బల్ల లేచింది గానీ పిడి కదల్లేదు.

"నాతోని గాదక్కా. గిది మస్తు గట్టిగ పట్టింది."

అప్పుడు నాకు బుద్ధి వెలిగింది. పళ్లెంలోంచి ఒక గొట్టం తీసి పట్టుకున్నాను. కరకరలాడేంత శుభ్రంగా ఉంది. పక్కనే ఆ చిన్నడబ్బా.

"బాబా చెయ్యి గాదబ్బీ ఇది. నా చింతపండు జేసిన పని," అన్నాను డ్రైవరుతో. తర్వాత బాబా ముందు నేలమీద కూర్చుని, నాకొచ్చిన అరబ్బీలో, రాని చోట చేతులతో చెప్పాను. నిన్న నేను కడిగాను, జిడ్డంతా పోయింది, అందుకే పట్టేసింది, నీ చెయ్యి బాగానే ఉంది అని.

ఆయన నమ్మలేదు. నన్ను జాలిగా చూశాడు. నన్ను జాలిగా చూడ్డమేమిటి! "నువ్వు మంచిదానివి. ముసలాణ్ని ఓదార్చడానికి నింద నీ మీద వేసుకుంటున్నావు," అన్నాడు. "నేను వాటికి జిడ్డు పూశాను. నా చేత్తోనే తీసి పెట్టాను. లేకపోతే నాకు తెలియదా?"

అక్కడ ఆగిపోయాడు. తన నోట్లోంచి వచ్చిన మాట తనే విన్నాడు. ఆ వేళ్లకు తెలియదు. ఆ మసక గదిలో దగ్గరివేవీ ఆయన కళ్లకు ఆనవు, జిడ్డు ఉందో లేదో చెప్పాల్సిన వేళ్లే అవి. పళ్లెంలో ఇంకో గొట్టం ఎడమచేత్తో తీసుకున్నాడు, తడిమాడు. చాలాసేపు తడిమాడు. తర్వాత నా వైపు చూసిన చూపులో జాలి లేదు. బ్రహ్మాండమైన కోపం ఉంది.

"చింతపండు!" అని అరిచాడు. "నా తూటాలతో సాంబారు పెడతావా?"

ఇంత తిట్టు తిని అంత సంతోషించిన పనిమనిషి ఈ దేశంలో ఇంకొకతె ఉండదు. మామా తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏడ్చింది కూడా అనుకుంటా.

కానీ ఇరుక్కున్నది ఇరుక్కునే ఉంది. డ్రైవరు పిడిని వెనక్కి గుంజితే గొట్టం అడుగు అంచు కాస్తా చిరిగి ఊడొచ్చింది. మిగతాది అచ్చులోనే ఉండిపోయింది. అలాంటి డై ఇంకోటి లేదు. కావాలంటే కొడుక్కే చెప్పాలి. చెబితే ఎందుకు, ఎలా అని మొత్తం కథ బయటికొస్తుంది. బాబా నన్నే చూస్తున్నాడు. డ్రైవరూ నన్నే చూస్తున్నాడు. తప్పు చేసినదానికి తెలివి కూడా ఉండాలన్నట్టు.

నాకు గుర్తొచ్చింది స్టీలు గ్లాసులు. ఒకదాంట్లో ఒకటి దిగబడితే మా అమ్మ లోపలి గ్లాసులో చల్లటి నీళ్లు పోసి, కింది గ్లాసును వేడినీళ్లలో ముంచేది. లోపలిది ముడుచుకుంటుంది, బయటిది విచ్చుకుంటుంది. అది చెబితే బాబా కళ్లు చిట్లించి, గడ్డం గోక్కుని, డైని విప్పమన్నాడు. పై మర ఎంత వదులు చేయాలో, ఏ కడ్డీ మీద కొట్టాలో ఆయన చెబుతుంటే డ్రైవరు చేశాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజరులో కోడి పక్కన పెట్టాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక తీసి, మరిగే నీళ్లలో పిండిన గుడ్డ డై చుట్టూ చుట్టాం. డ్రైవరు సుత్తితో కడ్డీ మీద కొట్టాడు. ఏమీ కాలేదు. మళ్లీ ఫ్రీజరు. మళ్లీ గుడ్డ. ఈసారి చిన్న చప్పుడుతో గొట్టం ఊడి కింద పడి దొర్లింది. బాబా దాన్ని ఎడమకాలితో ఆపి, "గోల్!" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయన తనకు తనే ఒక పరీక్ష పెట్టుకున్నాడు. గుడ్డముక్కలు తడమమంటే విసిరేసిన మనిషి. పళ్లెంలో కొన్ని గొట్టాలకు జిడ్డు పూయాలి, కొన్నిటిని చింతపండుతో తోమి ఒట్టిగా ఉంచాలి. ఆయన కళ్లు మూసుకుంటాడు. నేను ఒకటి తీసి కుడిచేతిలో పెట్టాలి. జిడ్డుదో ఒట్టిదో ఆయన చెప్పాలి. రోజూ కాఫీ తర్వాత ఇదే పని. చెప్పినవి చాలావరకు తప్పయ్యేవి. కొన్ని సరిపోయినా అవి గుడ్డిగా తగిలినవేనని ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు అన్నీ తప్పే చెప్పాడు. మొహం వాడిపోయింది. ఇంకోటి ఇచ్చాను, ఒట్టిది. "జిడ్డుది," అన్నాడు. నా నోరు ఊరుకోలేదు. "సరిగ్గా చెప్పావు బాబా," అన్నాను. ఆయన కళ్లు తెరిచి, ఎడమచేత్తో దాన్ని తడిమి, మెల్లగా పళ్లెంలో పెట్టేసి లేచి వెళ్లిపోయాడు. ఆరోజు నేను పోసిన కాఫీ ముట్టలేదు. మర్నాడు పొద్దున గదిలో కూర్చున్నాక అన్నాడు:

"నా చెయ్యి నాకు అబద్ధం చెబుతోంది. నువ్వు కూడా చెబితే నేనెవర్ని నమ్మాలి?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ తర్వాత నేను ఒక్కసారి కూడా తప్పును ఒప్పు అనలేదు. "తప్పు బాబా" అనడం కష్టమే, అయినా అన్నాను.

పొద్దుటి పూట చలి మొదలైంది. మామా ఉన్ని శాలువాలు తీసింది. బాబా స్నేహితుడు ఫోను చేసి ఈసారి గుడారాలు ఎటువైపు వేద్దామని అడిగితే, చూద్దాం అని పెట్టేశాడు. పిడి ఇప్పుడు బాగానే లాగుతున్నాడు. బలం వచ్చింది. కొడుకు అడిగింది బలం కాదు కదా.

ఒక శుక్రవారం నమాజు తర్వాత కొడుకు వచ్చాడు. చేతిలో పొడుగాటి సంచి, తుపాకీ పెట్టుకోవడానికి కుట్టించినది. దాన్ని వచ్చినవాళ్లు కూర్చునే మజ్లిస్ గదిలో తలుపు వెనక ఆనించి, తండ్రి నుదుటి మీద ముద్దుపెట్టాడు. తెచ్చిన సంచిని అందరం చూశాం. ఖర్జూరాలూ కాఫీ అయ్యాయి. బాబా లేచి, కొడుకును రమ్మని తల ఊపి, చిన్నగదిలోకి నడిచాడు. నన్నూ రమ్మన్నాడు.

కుర్చీలో కూర్చుని, ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. కొడుకు ఇదేమిటన్నట్టు నన్ను చూశాడు. పళ్లెంలోంచి ఒకటి తీసి బాబా కుడి అరచేతిలో పెట్టాను.

"జిడ్డుది," అన్నాడు. నిజమే.

ఇంకోటి పెట్టాను. అదీ జిడ్డుదే. "జిడ్డుది," అన్నాడు. కానీ నాకు ధైర్యం లేదు. ఈమధ్య ఏది పెట్టినా ఆయన జిడ్డుదే అంటున్నాడు. రెండూ తగిలాయంటే దానికేం విలువ? ఒట్టిది ఇవ్వకుండా వదిలేద్దామా అనిపించింది. జిడ్డువే ఇస్తూ పోతే చాలు, గెలుస్తాడు. కొడుక్కు ఏం తెలుస్తుంది? పళ్లెం మీద నా చెయ్యి ఆగిపోయింది. అప్పుడు ఆయన అడిగిన మాట గుర్తొచ్చింది, నేనెవర్ని నమ్మాలి అని.

పొద్దున్నే నా చేత్తో తోమి ఆరబెట్టిన గొట్టం ఒకటి తీశాను. మా కొండమీద దేవుణ్ని తలుచుకుని ఆయన అరచేతిలో పెట్టాను.

వేళ్లు ముడుచుకున్నాయి. బొటనవేలు దాని మీద అటూ ఇటూ తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది, ఈసారి నెమ్మదిగా. గుమ్మంలో మామా, ఆమె వెనక డ్రైవరు. బాబా నొసలు ముడిపడింది. అది నాకు తెలిసిన ముడే, కోపం వచ్చే ముందు పడేది.

"ఇది ఒట్టిది," అన్నాడు. "ఈమె చింతపండుది."

కొడుకు వంగి, తండ్రి చేతిలోంచి దాన్ని తీసుకుని, తన వేళ్లతో తడిమాడు. మళ్లీ తండ్రి చేతిలోనే పెట్టి, ఆ చేతిని రెండు చేతులతో మూసి కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత బల్లమీది చిన్నడబ్బా మూత తీసి తండ్రి ముందుకు జరిపాడు. బాబా కుడి బొటనవేలితో కాస్త జిడ్డు తీసి, గొట్టం చుట్టూ పూసి, మిషనులో పెట్టి పిడి లాగాడు. మెత్తగా దిగింది, మెత్తగా వచ్చింది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. నేను ఏడుస్తుంటే బాబా కొడుకును కాదు, మామాను కాదు, నన్ను చూశాడు.

"విన్నావా?" అన్నాడు. "ఇవాళ నా చెయ్యి నిజం చెప్పింది."